సరిగంచు శాలువా క్రింద రేకుల సమరము

సమస్త భూమండలమునందు, జంబూద్వీపమునందు, నందికొండ నీడన చల్లగా వెలయు చిక్కబళ్ళాపుర మహాపట్టణమునందు, ఐరోపా రాజ్యములు ఒండొంటిపై బాంబులు రువ్వుకొనుచుండగా, విమానములనుండి దూకు యోధుల గొడుగులకు మైసూరు సీమ పట్టే గతియై, ఆ గిరాకీచే శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సాహుకార్లకు ఉంగరములు తొడుగుటకు వ్రేళ్ళు చాలని ఆ శుభసమయమున జరిగిన ఘోరయుద్ధమును పాడబూనిన ఈ కథకుని నాలుకపై, ఓ అచ్చుయంత్రాధిదేవతా, సీసపుటక్షరముల తల్లీ, ఒక్క పూట నిలువుము! అచ్చుతప్పులు మాత్రము నీవే దిద్దుకొనుము.

ఆ పట్టణమున అఖిలదేశ పత్రికా ప్రతిభా పురస్కార మహాసభ యనునది కలదు. దేశమంతటి దినపత్రికలలోని ఉత్తమ వార్తలను ఏరి, వ్రాసినవారిని ఏటేట సత్కరించుట దాని వ్రతము. ఆ సభవారి లెక్కలో అఖిలదేశమనగా చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి. శిడ్లఘట్ట చందాలిచ్చును గనుక రాజధాని.

సభాధ్యక్షుడు పట్టుగూళ్ళ సాహుకారు లక్ష్మణప్ప. ఆ మహనీయుడు పత్రికను చదివియెరుగడు. తన ఇంటి పట్టుపురుగుల తట్టలలో పరపించును. పరచిన కాగితముపై పురుగు బ్రదికియుండిన అది మంచి పత్రిక. పురుగునకు సైతము హాని చేయనిదే ఉత్తమ పత్రిక యను ఆయన సిద్ధాంతమును సభ ఏకగ్రీవముగా ఆమోదించి, సంపాదకులెల్లరు దానినే శిరసావహించియుండిరి.

ఆ యేటి పురస్కారము చింతామణి విలేఖరి తిమ్మరాయప్పను వరించెను. వరించిన విధమెట్టిదనిన, బట్లహళ్ళికి ఆవల గువ్వలపల్లె యను కుగ్రామమున బడి పైకప్పును సుడిగాలి ఎత్తుకొనిపోగా, ఆ వీరుడు కాలినడకన పోయి చూచి, పిల్లలు ఎండకు ఎండి వానకు తడియుచున్నారని ఉన్నదున్నట్లు వ్రాసి బెంగళూరికి పంపెను. అచట కత్తెర ధరించిన ఉపసంపాదక భీష్ముడొకడు దానిని నరికి, చెక్కి, నగిషీ పట్టి, “గువ్వలపల్లె శాలలో గాలి వెలుతురు పుష్కలం! ప్రకృతి ఒడిలో విద్యాభ్యాసం!” అని, క్రింద తిమ్మరాయప్ప పేరుతో అచ్చొత్తించెను. ఆ వార్తకే పురస్కారము.

ఈ సంగతి చెవినిబడినంతనే తిమ్మరాయప్ప అక్క హనుమక్క గువ్వలపల్లెనుండి రాగిముద్ద చల్లారకమునుపే చింతామణికి వచ్చి వాకిట నిలిచెను. ఆమె కూతురు మునిలక్ష్మి ఆ బడిలోనే చదువుచున్నది.

“ఏమప్పా, మా శాలెలో గాలి బాగుండాదని పేపర్లో రాసినావంట. మా మునిలక్ష్మి పలకమీద రాసింది రాసినట్లే వానకు కడుక్కోని పోతాండాది. బిడ్డ జరమొచ్చి పండుకోనుండాది. ఆ గాలి నీకు కావల్లంటే మూటగట్టి పంపిస్తా.”

“నేనట్ల రాయలేదక్కా. కప్పు లేదనే రాసినా. బెంగళూర్లో మార్చినారు.”

“కింద పేరు నీదే గదా ఉండాది. దానికి శాలువా కూడా ఇస్తారంట. నీ భుజాలకి చలి పెట్టకుంటే సాలు, మాదేముండాది.”

ఆ మాట తిమ్మరాయప్ప గుండెలో ముల్లువలె దిగెను. సిగ్గుచే ఆయన ముఖము నల్లబడెను. అంతట కండువా బిగించి, గడప దద్దరిల్లునట్లు ఇట్లు ప్రతిన పూనెను: “ఓ దిక్పాలకులారా, వినుడు! ఆ శాలువా నా భుజముల నంటకమునుపే గువ్వలపల్లె బడికి పైకప్పు సాధించెదను! సాధింపనేని, నా అసలు వ్రాతను నిండుసభలో ఎలుగెత్తి చదివి, శాలువాను వేదికపైనే విడిచి, కలము విరిచి, శిడ్లఘట్ట సంతలో పట్టుగూళ్ళమ్ము మా నాయన బుట్ట ప్రక్కన చతికిలబడెదను!”

“అదంతా సరే గానీ, ముందు సొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకో,” అనెను హనుమక్క.

అంత విలేఖరివీరుడు అసలు వ్రాతను జేబున బ్రహ్మాస్త్రముగా దాచుకొని, బొగ్గుపొగతో నడచు బస్సనెడి రథమెక్కి, ఎత్తులు వచ్చినప్పుడెల్ల దిగి రథమును తానే నెట్టుచు, ముఖము మసిబారగా చిక్కబళ్ళాపురమున టూరింగ్ టాకీసు డేరాలో కొలువుదీరిన మహాసభ సొచ్చెను. అప్పటికి బాగేపల్లి నరసింహప్పకు, ఒక అధికారివారి జలుబు తగ్గిన వృత్తాంతమును కంటతడి పెట్టునట్లు వ్రాసినందులకు, ద్వితీయ పురస్కారముగా వెండిపతకము దక్కియుండెను. కరతాళధ్వనులింకను ఆగలేదు.

ఇక్కడ శ్రోతలు శిడ్లఘట్ట గూళ్ళసంత ధర్మము నెరుగవలెను. అచట బేరము నోటితో చెప్పరు. అమ్మువాడు, కొనువాడు చేతులు కలుపగా పైన తువ్వాలు కప్పుదురు. దాని మరుగున వ్రేళ్ళే మాటలాడును. ఎన్ని వ్రేళ్ళు పట్టిన అంత. ముఖమున ఏమియు కనబడరాదు. వ్రేళ్ళు కుదిరిన బేరము బ్రహ్మదేవుడు దిగివచ్చినను తిరుగదు. కుదరకమునుపే గుడ్డ తొలగెనా, బేరము లేదు. లక్ష్మణప్ప పుట్టుక ఆ సంతలోనే, తిమ్మరాయప్ప తండ్రి బ్రదుకును ఆ సంతలోనే.

లక్ష్మణప్ప సరిగంచు శాలువాను విప్పి, ఒక చేత విలేఖరితో చేయి కలుపుచు, రెండవ చేత దానిని ఆయన భుజములపై వేయబోవ, ఆ పట్టుగుడ్డ జారి, కలిసిన ఇరువురి చేతులపై పడెను. గుడ్డ పడుటయే తడవు, నలువదేండ్ల అలవాటున సాహుకారు వ్రేళ్ళు తమంత తామే పోయి విలేఖరి వ్రేళ్ళను పట్టుకొనెను! సన్మానము సంతయైనదని ఆయన బుద్ధికి తోచునప్పటికి తిమ్మరాయప్ప అయిదు వ్రేళ్ళును బిగించి, పెదవి కదలకుండ, “గువ్వలపల్లె శాలెకి రేకులు,” అనెను.

“ఓ వార్తాహర కులతిలకా! నీ లేఖిని గంగాప్రవాహము!” అని సాహుకారు సభకు వినబడునట్లు గర్జించి, గొంతు తగ్గించి, “ఇది సన్మానమప్పా, సంత గాదు. చెయ్యి వదులు,” అనెను.

“పట్టింది నువ్వేన్నా. గుడ్డ పడినాక మాట మాటే.”

“యుద్ధం జరుగుతాండాది. రేకులు యాడ దొరుకుతాయి?”

“నీ పట్టునూలు షెడ్డు వెనకాల పేర్చి పెట్టుకోనుండావు గదా. లేదంటావా, అసలు రాత జేబులోనే ఉండాది. ఇప్పుడే సదువుతా.”

సాహుకారు ముఖము చెదరలేదు గాని, నుదుట చెమట పట్టెను. తాను మెచ్చి శాలువా కప్పుచున్న వార్త అబద్ధమని డేరా అంతయు వినిన, వచ్చు నెలలో పురపాలకసభ కుర్చీకి నిలువబోవు తనకు మిగులునదేమి? “నీ నిజాయితీ హిమాలయశిఖరము!” అని ఉరుముచు, గుడ్డ క్రింద ఒక్క చూపుడువ్రేలు పట్టెను. విలేఖరి మూడు బిగించెను. సాహుకారు ఒకటి విడువడు. విలేఖరి రెండింటికి దిగి, గోరుతో గిచ్చెను. సాహుకారు ఉంగరముతో నొక్కెను. పైన పద్యములు, క్రింద పట్లు. పైన పూలవాన, క్రింద రక్తపుచుక్క. వారి చేతులు విడివడకుండుట గాంచి సభాసదులు, “ఆహా, ఏమి వాత్సల్యము!” అని కన్నులొత్తుకొనిరి.

అంతలో సభాకార్యదర్శి ఆంజనేయప్ప, శాలువా జారినదని తలచి, సరిచేయుటకై దాని అంచు పట్టి లేపసాగెను. గుడ్డ లేచుచున్నది! వెలుతురు చొచ్చుచున్నది! ఇంకొక్క క్షణమున బేరము మన్నగును. జేబులోని కాగితము చదువవలెనా? చదివిన చప్పట్లు మ్రోగును, మరునాడు మరతురు, బడిపై ఆకాశమే మిగులును. తిమ్మరాయప్ప కన్నులు మూసి, తన చూపుడువ్రేలిని సాహుకారు పిడికిట విడిచి, సరేయని నొక్కెను. శాలువా లేచి ఆయన భుజముల కెక్కెను. అది ఆయనకు తడిగోనె కన్నను బరువుగా నుండెను.

మాట తప్పని సాహుకారు పంపిన ఆ ఒక్క రేకు గువ్వలపల్లె బడిలో ఒక మూలకు ఎక్కెను. బెంగళూరు భీష్ముడు, “గువ్వలపల్లె శాలలో గాలి వెలుతురు స్వల్పంగా క్షీణించినవి” అని విచారము ప్రకటించెను.

రేకు వెంట గువ్వలపల్లెకు వచ్చిన తమ్ముని హనుమక్క ఒక్కటే అడిగెను: “నీ రాత సదివినావా?”

“లేదక్కా. సదవనందుకే ఈ రేకు దొరికినాది.”

ఆమె తమ్ముని భుజముమీది శాలువాను లాగికొనిపోయి, ఏటవాలు జల్లు రాకుండ రేకు ప్రక్కన రెండు గుంజలకు బిగించి కట్టెను.

మరునాడే ఆకాశము చిల్లిపడినట్లు వాన కురిసెను. బడి బడియంతయు ఆ రేకు క్రిందికి దూరెను. వీపులు బయట, తలలు లోపల. పంతులు తాను బయట నిలిచి తడిసెను. సాయంత్రము మునిలక్ష్మి ఇల్లు చేరి, వీపున వ్రేలాడు తడిజడ పిండుకొనుచు, పరికిణీ చెంగున చుట్టి తెచ్చిన పలకను మేనమామ ముందుంచి, “జుట్టు తడిసినాది మామా, అక్షరాలు తడవలేదు,” అనెను.

దిక్కులారా, వినుడు! దుందుభులారా, మ్రోగుడు! అఖిలదేశ పత్రికా ప్రతిభ ఫలించెను. చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణీ మండల మహాసామ్రాజ్యమునందు, ఆ దినమున, ఒక పలక తడవలేదు!