పదిలో కొట్టేవారికి పిస్తోలెందుకు

కోరిక నీచమైనదనీ, అవసరం పవిత్రమైనదనీ మానవజాతి ఏనాడో కనిపెట్టింది. ఆ సత్యానికి రబ్బరు ముద్ర వేసిన ఘనత మాత్రం మా జిల్లా తుపాకీ క్రీడా సమాఖ్యకే దక్కుతుంది. మా ఊరు బ్రెమ్‌షైడ్‌లోనే కాదు, జర్మనీలో ఎక్కడైనా సరే, పెద్ద బోరు పిస్తోలు, అంటే లావు తూటాలు పట్టేది, కొనదలచినవారు అది తమకు 'కావాలి' అని పొరపాటున కూడా అనకూడదు. కావాలన్నవాణ్ణి సమాఖ్య అనుమానంగా చూస్తుంది, పోలీసులు ఇంకాస్త శ్రద్ధగా చూస్తారు. 'అవసరం' అనాలి. ఏడాదిపాటు క్లబ్బు పిస్తోలుతో సాధన చెయ్యాలి, పరీక్ష రాయాలి, ఇంట్లో గోడకు బిగించిన ఇనప్పెట్టె చూపించాలి. ఆ తర్వాత అవసర నిర్ధారణాధికారి ముందు నిలబడి, పిస్తోలు లేకపోతే తన క్రీడాజీవితం ఎలా ఎండిపోతోందో నిరూపించుకోవాలి. (పిల్లల్ని కనడానికి ఇలాంటి నిరూపణ ఏదీ అక్కర్లేదు. అది చిన్న విషయం కాబట్టి.)

నేను మా క్లబ్బుకు పత్రికా కార్యదర్శిని. ఏటా పోటీలో కొయ్య పక్షిని కాల్చి పడగొట్టి క్లబ్బు 'రాజు' అయినవాడి ఫొటో ఊరి పత్రికకు పంపడం, పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయడం నా విధులు. డాక్టర్ గెజీన టెన్‌బ్రింక్ వ్యవహారం ఈ రెంటిలో ఏ కోవకు వస్తుందో ఇప్పటికీ తేలలేదు.

గెజీన మా ఊరి పళ్ళ డాక్టరు. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడుతుంది. ఆవిడ కుర్చీలో నోరు తెరుచుకుని, చేతిపిడి గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని పడుకోని మగవాడు మా క్లబ్బులో లేడు. అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున్న చెవి డిప్పలు పెట్టుకుని మా షూటింగ్ హాల్లో కొత్త సభ్యురాలిగా నిలబడింది. ఆస్పత్రిలో 'మీరు', క్లబ్బులో 'నువ్వు' అనేది మా ఊరి ఆచారం కనుక, కాల్పుల పర్యవేక్షకుడు డెట్లెఫ్ కొర్టె ఆ అవకాశాన్ని వదులుకోలేదు.

"ఏం డాక్టరూ, మా పళ్ళు పీకింది చాల్లేదా నీకు? ఇక్కడిక్కూడా వచ్చావ్?"

"రోజంతా నా చేతి కింద అందరూ వణుకుతుంటారు డెట్లెఫ్," అంది గెజీన. "నువ్వు మరీను. ఆ గురి కాగితం వణకదుగా, కాసేపు దాన్ని చూద్దామని వచ్చా."

డెట్లెఫ్ ఆవిడ చేతిలో క్లబ్బు పిస్తోలు పెట్టాడు. తొమ్మిది ఎమ్మెమ్ బోరుది, పాతకాలపు ఉక్కుది, బరువైనది. ఎన్నో చేతులు పట్టుకుని పిడి నునుపెక్కిపోయింది. బరువుంది కనుక వెనక్కి పెద్దగా తన్నదు. కొత్తవాళ్ళకు అంతకంటే మంచిది లేదని తుపాకుల గురించి ఏమీ తెలియనివాళ్ళు కూడా చెబుతారు. (తెలిసినవాళ్ళు చెప్పరు.) గెజీన ఊపిరి సగం వదిలి, వేలు మెల్లగా నొక్కింది. కాగితం నడిబొడ్డున, పది అంకె ఉన్న చోట, చిన్న చిల్లు పడింది. రెండోది దాని పక్కనే. మూడోది ఎక్కడ పడిందో చూడటానికి డెట్లెఫ్ కళ్ళద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. గెజీన పిస్తోలు బల్ల మీద పెట్టి నవ్వింది. ఇన్నేళ్ళలో ఆవిడ నవ్వడం నేను చూడలేదు. (ఆ కుర్చీలో పడుకుని చూస్తే ఆవిడ ముఖం ఎప్పుడూ తలకిందులుగానే కనిపించేది.)

ఏడాది గడిచేసరికి ఆవిడకు అదే లోకమైపోయింది. ఇక సొంత పిస్తోలు ఎంచుకునే ఘట్టం. మా నిబంధనావళిలో ఎక్కడా లేకపోయినా, ఈ ఘట్టం క్లబ్బు హోటల్లో, పొడవాటి బల్ల దగ్గర, బీరు సాక్షిగా జరగాలి. కొత్తవారు కూర్చోవాలి, పాతవారు మాట్లాడాలి. ఆవిడ కుర్చీలో నోరు తెరిచీ మాట్లాడలేకపోయిన మగవాళ్ళందరూ ఆ సాయంత్రం బాకీ తీర్చుకున్నారు.

"నలభై అయిదు బోరు," అన్నాడు అధ్యక్షుడు ఎకార్ట్ రోలెవింక్, బల్ల మీద గుద్ది. "మిగతావన్నీ దోమల్ని కొట్టుకోడానికి."

"పోవయ్యా! రివాల్వర్ తీసుకో గెజీనా. మూడువందల యాభైయేడు బోరుది. అది మోసం చెయ్యదు," అన్నాడు డెట్లెఫ్.

"నీ రివాల్వర్ మోసం చెయ్యదు సరే, మరి నీ తూటాలు ఎటు పోతున్నాయిరా? మొన్న పక్కవాడి కాగితంలో దొరికాయి!" అన్నాడు రోలెవింక్.

"గాలి కొట్టింది."

"నాలుగు గోడల మధ్య గాలేంట్రా!"

గెజీన బంగాళాదుంపల సలాడ్ తినడం ముగించి నెమ్మదిగా అంది. "నాకు ఆ క్లబ్బు పిస్తోలులాంటిదే కావాలి. తుపాకుల కొట్లో పాతదొకటి ఉందట. చూసొచ్చాను, చేతికి సరిపోయింది."

చేతికి సరిపోవడం అనే ప్రమాణం మా క్లబ్బు చరిత్రలో అంతకుముందు ఎవరూ ప్రస్తావించలేదు.

"తొమ్మిది ఎమ్మెమ్మా?" అన్నాడు రోలెవింక్ జాలిగా. "అందరూ అదే కొంటారమ్మా."

"ఎందుకు కొంటారు?"

"బాగుంటుంది కాబట్టి! అదేగా నేను చెప్పేది!"

ఏది ఎలా ఉన్నా ఆవిడ పట్టు వదల్లేదు. విషయం అవసర నిర్ధారణాధికారి వోల్‌రాడ్ ష్లిష్టింగ్ గారి దగ్గరకు వెళ్ళింది. ఆయన నెలకోసారి మా క్లబ్బు హోటల్ వెనక గదిలో ఆసీనుడై, ఆపిల్ కేకు తింటూ, ఎవరి అవసరం ఎంతో తేలుస్తారు. చాలా నిజాయితీపరుడు. ఆ కేకు తప్ప ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. గెజీన ఏడాది పొడుగునా కాల్చిన కాగితాలను ఆయన వెలుతురుకెత్తి చూశారు. ఒక్కో కాగితానికీ ఆయన ముఖం చిన్నబోయింది.

"ఇవన్నీ క్లబ్బు పిస్తోలుతోనేనా డాక్టరుగారూ?"

"అవునండీ."

"అరువు పిస్తోలుతో, అన్నీ పదిలోనే?"

"కొన్ని తొమ్మిదిలో పడ్డాయండీ."

"అయితే మీకు అవసరం ఎక్కడుంది?" అన్నారాయన. వెటకారం లేదు, నిజంగానే వెతుకుతున్నారు. "క్లబ్బు పిస్తోలు చాలనివారికే సొంత పిస్తోలు. మీకు చాలింది, చాలి ఇంకా మిగిలింది. ఏ అవసరమని రాయమంటారు నన్ను?"

"క్లబ్బు పిస్తోలు కోసం క్యూలో నిలబడాలండీ. నా వంతు వచ్చేసరికి హాలు మూసేస్తున్నారు."

"ఎదురుచూడటం అవసరం కిందికి రాదండీ. అది కోరిక."

ఆడలేక మద్దెల ఓడన్న సామెత మన పెద్దలు వెక్కిరింపుగా అన్నారు. సమాఖ్య దాన్ని వెక్కిరింపుగా తీసుకోలేదు, నియమంగా తీసుకుంది. ఆడలేకపోతేనే కొత్త మద్దెల. మా రోలెవింక్ ఇనప్పెట్టె నిండిపోయి రెండోది కొన్నాడు. అందులో ప్రతి పిస్తోలూ ష్లిష్టింగ్ గారు కాగితాలు చూసి, కళ్ళు చెమర్చి మంజూరు చేసిందే. చక్కగా కొట్టగలిగిన ఒకే ఒక్క మనిషి మాత్రం ఉత్తచేతుల్తో ఇంటికి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పత్రికా కార్యదర్శి ఒళ్ళు మండటానికి నిబంధనావళిలో స్థానం లేదు కనుక ఊరుకున్నాను.

"పిచ్చిదానా," అన్నాడు రోలెవింక్ ఆ తర్వాతి ఆదివారం, "ఎవరు కొట్టమన్నారు నిన్ను పదిలో? కాస్త చెడగొట్టు. ఒక్క ఏడాది ఓపిక పట్టు."

"కావాలని తప్పు కొట్టాలా?" అంది గెజీన. "నా చెయ్యి అలా పోదు ఎకార్ట్. ముప్పై ఏళ్ళుగా దానికి నేర్పింది ఒక్కటే."

"మేం నేర్పుతాంగా! ఇంతమందిమి ఉన్నది ఎందుకు?"

ఆవిడకు మంత్రిపదవి అక్కర్లేదు, వారంలో రెండు సాయంత్రాలు క్యూ లేకుండా ఆ కాగితం ముందు నిలబడితే చాలు. చివరికి సరేనంది.

మా క్లబ్బు చరిత్రలో అంత పద్ధతైన శిక్షణ మరెవరికీ దొరకలేదు. ట్రిగ్గర్‌ను నొక్కకుండా గుంజడం డెట్లెఫ్ నేర్పాడు. (అతనికి సహజంగా వచ్చిన విద్య.) మోత రాబోయే ముందు భుజం ముడుచుకోవడం, కళ్ళు గట్టిగా మూసుకోవడం రోలెవింక్ వంతు. గెజీన మంచి విద్యార్థిని, చెప్పింది చెప్పినట్టు చేసేది. మొదట్లో తూటాలు మొండికేసి పది చుట్టూనే తిరిగాయి. మెల్లమెల్లగా ఎనిమిదికి, ఆరుకు దిగాయి. మొదటిసారి తూటా కాగితం వదిలి వెనకున్న ఇసుకలో పడినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది, డెట్లెఫ్ అందరికీ బీరు పోయించాడు. అంతవరకు ఆవిడతో పొడిపొడిగా ఉన్నవాళ్ళు భుజం తట్టడం మొదలుపెట్టారు. ఎవరైనా పదిలో కొడుతుంటే స్నేహం కష్టం.

ఏడాది తిరిగాక ష్లిష్టింగ్ గారు ఆ కాగితాలను చూసి కేకు పక్కన పెట్టారు.

"ఎంత అవసరంలో ఉన్నారండీ మీరు!" అన్నారు చలించిపోయి. "ముందే ఎందుకు చెప్పలేదు?"

"అయితే ఆ పాత తొమ్మిది ఎమ్మెమ్..."

"తొమ్మిదా? తొమ్మిది ఎమ్మెమ్‌తోనే కదా ఈ గతి పట్టింది! మీకున్న అవసరానికి అది ఏ మూలకు? నలభై అయిదు. పొడుగు గొట్టంది."

"నా చేతికి పెద్దదవుతుందండీ. వెనక్కి తంతుంది."

"చిన్నది అడిగితే అవసరం కూడా చిన్నదే అవుతుంది డాక్టరుగారూ. మళ్ళీ ఏడాది మొదటినుంచి రావాలి. మీ ఇష్టం."

ఆవిడ నలభై అయిదు కొనుక్కుంది. వెండిలా మెరిసిపోతోంది, రోలెవింక్ ఈర్ష్యతో రెండు రోజులు సరిగా తినలేదు. గెజీన దాన్ని బల్ల మీద పెట్టి, నావైపు తిరిగి, చిన్నపిల్లలా అంది. "ఇక నాటకం అయిపోయిందిగా? ఇవాళ నిజంగా కొడతాను."

ఊపిరి సగం వదిలింది. మోత రాకముందే భుజం ముడుచుకుంది, కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. తూటా ఇసుకలో పడింది. తర్వాతదీ అంతే. తూటాల పెట్టె ఖాళీ అయ్యేదాకా కొట్టింది, పది దరిదాపుల్లో ఒక్కటీ లేదు. పిస్తోలు తప్పేమోనని క్లబ్బు పిస్తోలు అడిగి తీసుకుంది. ఆ పాత ఉక్కు పిడిని పట్టుకోగానే ముఖం కాస్త వెలిగింది. ట్రిగ్గర్ గుంజింది, తూటా పక్కవాడి కాగితంలో పడింది.

ఆవిడ తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. "ఇది నా చెయ్యి కాదు," అంది మెల్లగా, ఎవరితోనూ కాదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. (నా దవడ పన్ను పని కొన్నాళ్ళు వాయిదా వేశాను.)

మావాళ్ళు మాత్రం ఆవిణ్ణి ఒంటరిగా వదల్లేదు. అందరూ చుట్టూ చేరి ఓదార్చారు.

"నీ తప్పేం లేదు గెజీనా," అన్నాడు రోలెవింక్, "పిస్తోలు మంచిది కాదు. ఇంకోటి తీసుకో."

"రివాల్వర్," అన్నాడు డెట్లెఫ్. "నే ముందే చెప్పా."

గెజీన రివాల్వర్‌కు దరఖాస్తు పెట్టుకుంది. ష్లిష్టింగ్ గారు కేకు వచ్చేలోపే సంతకం పెట్టారు. ఈసారి అవసరం నిజమైనదే.