ఎర్ర గామ్చా, అరిచే కారు

ఆ ఆదివారం పొద్దున్న ఎర్రయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకు ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో ఇంటి దగ్గర బయలుదేరాలి. పావుగంటలో స్టేషను చేరాలి. పదకొండున్నరకు విజయనగరం బండి ఎక్కబోతున్న ఎబినేజర్‌కు ఒక్క మాట చెప్పాలి. ఇంటికొచ్చి అన్నం తినాలి.

ఒక్క మాటే. కానీ అది పద్నాలుగేళ్ళుగా నోట్లో నానుతున్న మాట. ఏమిటో భార్య హైమవతికి కూడా చెప్పలేదు.

ఎర్రయ్య రైల్వేలో కీమాన్‌గా చేసి రిటైరైనవాడు. రోజూ తెల్లారకముందే భుజాన సుత్తి, చంకలో ఎర్రజెండా పచ్చజెండా పెట్టుకుని పట్టాల వెంట నడవడం, పట్టాలను పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే కొట్టి బిగించడం ఆయన పని. ముప్పై మూడేళ్ళు ఒంటరిగా నడిచినవాడికి మాట్లాడే అలవాటు తప్పిపోయింది. ఎబినేజర్ పాసింజరు బండి డ్రైవరు. ఇద్దరివీ పక్కపక్క క్వార్టర్లు, ఒకే బీడీకట్ట. ఒకరోజు ఎబినేజర్ డ్యూటీ దిగి, నూట ఇరవై రెండో కిలోమీటరు దగ్గర పట్టా కుదిపిందని రిజిస్టరులో రాశాడు. అది ఎర్రయ్య నడిచే ముక్క. ఇనస్పెక్టరు పరుగున వచ్చి కొలిచాడు. ఏమీ దొరకలేదు. "కుదుపు లేదు," అన్నాడు ఎర్రయ్య. "ఉన్నాది," అన్నాడు ఎబినేజర్. అంతే, ఆ తర్వాత మాటల్లేవు. ఖరిదా బజారులో ఎదురుపడితే ఒకరు కూరగాయల వైపు, ఇంకొకరు చేపల వైపు చూసేవారు.

ఇప్పుడు ఎబినేజర్ బొబ్బిలిలో తమ్ముడి దగ్గర ఉండిపోవడానికి వెళ్ళిపోతున్నాడు.

"ఈ బండి ఎల్లిపోతే మరింక సెప్పేదేటుండదు," అంది హైమవతి, ఆవకాయ జాడీ మూతికి గుడ్డ కడుతూ. "మీ నోట్లోంచి మాట రాకపోతే ఈ జాడీ అయినా సేతిలో పెట్టండి. ఎబినేజరన్నకి నా ఆవకాయంటే పానం."

"టోటోలో ఎల్దుం," అన్నాడు ఎర్రయ్య.

బ్యాటరీ రిక్షాలో పోదామన్న ఆ మాట అల్లుడు శ్రీనివాస్‌కు గుచ్చుకుంది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మూడు నెలల కిందట కొత్త కారు కొన్నాడు. మామగారు ఇంతవరకూ అందులో కూర్చోలేదు.

"ఇంటి ముందర కారు ఎట్టుకుని టోటో ఏటి మావయ్యా? రాత్రే అప్‌డేట్ అయినాది. కారుకి కొత్త బుర్ర వొచ్చినట్టు. రోడ్డు మీద గీత దాటితే అదే సెప్తాది."

"బుర్ర ఎక్కడుంటాదేటి బాబూ?" అంది హైమవతి.

"అదిగో అత్తయ్యా, ముందద్దం ఎనకాల నల్లగా కన్నులాగ ఉన్నాది సూడండి. అక్కడ."

కొత్త బుర్ర వచ్చిందని తెలిశాక ఊరుకునే మనిషి కాదు హైమవతి. అల్లుడు చొక్కా మార్చుకుని వచ్చేలోపల చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. హారతి ఇచ్చింది. పసుపు చిక్కగా కలిపి, కారుకు ఎక్కడెక్కడ చెయ్యి అందితే అక్కడల్లా బొట్లు పెట్టింది.

నిమ్మకాయలు నలిగాయి. కారు కదిలింది. కదిలీ కదలగానే కుయ్‌కుయ్‌మంది.

"జాడీని సీట్లో ఎట్టినారా అత్తయ్యా? మనిసి అనుకుంటున్నాది. బెల్టు ఎట్టీండి."

హైమవతి జాడీకి బెల్టు పెట్టింది. కారు నోరు మూసుకుంది. ముందు సీట్లో ఉన్న ఎర్రయ్య వెనక్కి తిరిగి జాడీని చూశాడు, ముందుకు తిరిగి కారును చూశాడు. తన వెనక ఏముందో చూడకుండానే తెలుసుకునే వస్తువు. దానిమీద ఆయనకు గౌరవం కలిగింది. ఆ రోజు జరిగిన దానికంతటికీ ఆ గౌరవమే కారణం.

వీధి మలుపు తిరిగాక కారు మళ్ళీ అరిచింది. ఈసారి గొంతు వేరు. స్టీరింగు శ్రీనివాస్ చేతుల్లో గజగజ వణికింది.

"ఏటంటాది?" అన్నాడు ఎర్రయ్య.

"గీత దాటినామంటాది. ఏటీ లేదు మావయ్యా, ఊరికే."

"ఊరికే ఎందుకరుస్తాది? ఆపు."

"బండి టైము..."

"అలారం వొస్తే ముందు ఆపాల. తరవాత అడగాల."

ఎర్రయ్య దిగాడు. చేతికర్రతో నాలుగు చక్రాలూ కొట్టి చూశాడు. వంగి కారు కిందకి చూశాడు. కారు వచ్చిన దారిలో ముప్పై అడుగులు వెనక్కి వెళ్ళి చూశాడు. గుంట లేదు, రాయి లేదు, గీత అసలే లేదు. ఎక్కాడు. పది గజాలు పోయేసరికి మళ్ళీ అరిచింది. మళ్ళీ దిగాడు. ఖరిదా బజారు నడిమధ్యకు చేరేసరికి ఐదుసార్లు దిగి ఐదుసార్లు ఎక్కాడు. టైము పదీ ఇరవై ఐదు.

శ్రీనివాస్ కంపెనీ వాళ్ళకు ఫోను చేశాడు. అవతల ఒకమ్మాయి తీయగా హిందీలో చెప్పింది: అప్‌డేట్ అయ్యాక కారు కన్ను రోడ్డును కొత్తగా నేర్చుకోవాలి, రెండు పక్కలా గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద కాసేపు నడిపితే సర్దుకుంటుంది.

"ఖరిదాలో గీతలా!" అన్నాడు శ్రీనివాస్ ఫోను పెట్టేసి.

"గీతలే లేకపోతే," అన్నాడు ఎర్రయ్య నెమ్మదిగా, "మరిది దేన్ని సూసి అరుస్తన్నాది?"

మంచి ప్రశ్న. ఎవరూ పట్టించుకోలేదు. శ్రీనివాస్ వర్క్‌షాపు మనిషి. లేని సామాను చేసుకోవడమే వాడికి తెలిసిన విద్య. ఎదురుగా రంగుల కొట్టు కనబడింది. పరుగున వెళ్ళి సున్నప్పొడి సంచీ తెచ్చాడు.

"అత్తయ్యా, మీరు ముగ్గు ఏసినట్టే. రెండంటే రెండు గీతలు. తిన్నగా."

"నడిబజార్లోనేటి బాబూ?" అంది గాని, అప్పటికే హైమవతి కొంగు దోపుకుంది. నలభై ఏళ్ళు ముగ్గులు వేసిన చెయ్యి. వేళ్ళ సందుల్లోంచి సున్నం జారుతుంటే దారం పట్టినట్టు గీత సాగింది.

ఎర్రయ్య చూస్తూ ఊరుకోలేకపోయాడు. లైను మీద పని జరుగుతుంటే రెండు వైపులా కాపు ఉండాలి. అది లేకుండా ఆయన జన్మలో సుత్తి ఎత్తలేదు. భుజం మీది ఎర్ర గామ్చా తువ్వాలును రెండుగా చింపాడు. ఒక ముక్కను అవతలి వైపు, రోడ్డు మధ్యకు లాగిన ఖాళీ డబ్బాలో వెదురుపుల్లకు కట్టి నిలబెట్టాడు. రెండో ముక్క చేత్తో పట్టుకున్నాడు. టోటోలు ఆగాయి. సైకిళ్ళు ఆగాయి. ఈలోగా గీతల మధ్య దూరం ఎగుడుదిగుడుగా ఉందేమోనని అనుమానం వచ్చి, కర్ర పడుకోబెట్టి కొలవడం మొదలుపెట్టాడు.

ఖరిదా బజారులో ఎవరి కొట్టు ఎవరి నేల మీద ఉందో ఎవరూ ఎవరినీ అడగరు. అలాంటిచోట, అందరికీ తెలిసిన పాత రైల్వే మనిషి, ఎర్రగుడ్డ పట్టుకుని, సున్నం గీతలు వేయించి, కర్రతో కొలుస్తున్నాడు. మిఠాయి కొట్టు హరనాథ్ దాదా తక్కెట్లో సందేశ్ తూస్తూ తలెత్తి చూశాడు. సున్నం గీత తిన్నగా తన మెట్ల మీదుగా పోయింది.

"రేల్ జొమి మాప్‌ఛే!" అని కేకపెట్టాడు. రైల్వే భూమి కొలుస్తోందట.

తక్కెట్లో మిఠాయి తక్కెట్లోనే వదిలి హరనాథ్ రోడ్డు మీదికి దూకాడు. వరసగా షట్టర్లు పడ్డాయి. ఒకాయన తన బల్లను తానే లోపలికి లాక్కున్నాడు. చేపలమ్మే ఇద్దరు ఆడవాళ్ళు తట్టలతో సహా గీత మీద కూర్చున్నారు.

"దాదా, కొతో భాంగ్బే?" అని హరనాథ్ ఎర్రయ్య మొహంలో మొహం పెట్టి అడిగాడు. ఎంత కూలుస్తారు అని.

ఎర్రయ్య కొలతలో ఉన్నాడు. ఎంతసేపు అంటున్నాడనుకుని, తల ఎత్తకుండా రెండు వేళ్ళు చూపించాడు. రెండు నిమిషాలు.

"రెండడుగులు!" అన్నాడు హరనాథ్ గుండె పట్టుకుని. ఆ మాట నాలుగు కొట్లు దాటేసరికి ఇరవై అయింది. బజారు చివరికి చేరేసరికి వెనక వీధి కూడా పోతోంది.

హరనాథ్ తక్కెట్లో వదిలేసిన కిలో సందేశ్ ఎబినేజర్‌ది. తమ్ముడి ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళలేక, స్టేషనుకు పోతూ మిఠాయికని ఆగాడు. మనిషి లేని కొట్లో కాసేపు నిలబడి, విసిగి బయటికొచ్చి, ట్రంకుపెట్టె ఉన్న టోటో ఎక్కాడు. టోటో కదల్లేదు. ఎవడ్రా ఆపింది అనుకుంటూ దిగి ముందుకు నడిచాడు. డబ్బాలో ఎర్రగుడ్డ కనబడగానే కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. నలభై ఏళ్ళ అలవాటు. ఎర్రగుడ్డ అవతల ఎర్రయ్య ఉన్నాడు.

"ఓలమ్మో, ఎబినేజరన్న!" అంది హైమవతి, మోచేతుల దాకా సున్నంతో.

టైము పదకొండుకు పది నిమిషాలు తక్కువ. ఎర్రయ్య నోరు తెరిచాడు. మాటకు బదులు చేతిలోని ఎర్రగుడ్డ ఇంకాస్త పైకి లేచింది.

"ఏటిరా ఇది?" అన్నాడు ఎబినేజర్. "ఏటయినాది?"

"కారు అరుస్తన్నాది."

"దేనికి?"

"తెల్దు. కిందంతా సూసినాను. ఏటీ లేదు."

"కింద సూస్తే ఏటి తెలుస్తాది? నువ్వెప్పుడూ కిందే సూస్తావు." ఎబినేజర్ గుడ్డ దాటలేదు. "ముందు దాన్ని తియ్యి, నేనొస్తాను."

ఎర్రయ్య గుడ్డ తీశాడు. ఎబినేజర్ వచ్చి శ్రీనివాస్‌ను దింపి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. రోడ్డు వైపు చూడలేదు. రైలింజను ఎక్కినవాడిలాగే ముందు అద్దాన్ని ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశాడు. తల వంచి, వెనక వచ్చేవి చూసుకునే చిన్నద్దం చాటున ఉన్న నల్లటి కన్ను వైపు పైకి చూశాడు. దిగి బయటినుంచి కూడా చూశాడు.

"ఇదేటి?"

కన్నుకు ఎదురుగ్గా, అద్దం మీద, రూపాయి కాసంత పసుపు బొట్టు. పసుపు చిక్కగానే కలిపినా నీళ్ళు ఒక చుక్క ఎక్కువయ్యాయి. బొట్టులోంచి రెండు ధారలు కారి, కారు పరుగుకు గాలి తగిలి, రెండూ ఎడమకు వాలి ఎండిపోయాయి. తిన్నగా పోతున్నంతసేపూ, పాపం, కారుకు ఆ రెండు వంకర గీతలే కనబడి, దాటిపోతున్నామని అరుస్తోంది.

"గీతలు రోడ్డు మీద లేవురా," అన్నాడు ఎబినేజర్. "కంట్లో ఉన్నాయి."

అందరూ హైమవతి వైపు చూశారు.

"కొత్త బుర్రకి దిష్టి తగలకూడదని..." అంది ఆమె.

ఎబినేజర్ చేతిరుమాలు తడిపి తుడిచాడు. శ్రీనివాస్ కారును కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి నడిపాడు. చప్పుడు లేదు. సంగతి హరనాథ్‌కు చెబితే ముందు నవ్వాడు, తర్వాత తిట్టాడు, ఆ తర్వాత వెళ్ళి సందేశ్ తూచాడు. చేపల తట్టలు లేచాయి. ట్రంకుపెట్టె టోటోలోంచి కారులోకి మారింది. ఎబినేజర్ ముందు సీట్లో కూర్చున్నాడు.

"పోనీ బాబూ," అంది వెనకనుంచి హైమవతి.

"పోనివ్వకు," అన్నాడు ఎబినేజర్. కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఒరే ఎర్రయ్యా! ఎర్ర సూపించి ఆపినోడివి, పచ్చ సూపించు. లేకపోతే కదలనివ్వను."

"టైము లేదు మావయ్యా!" అన్నాడు శ్రీనివాస్ ఏడుపుగొంతుతో.

ఎర్రయ్య అటూ ఇటూ చూశాడు. పక్కన కూరల తట్టలోంచి తోటకూర కట్ట ఒకటి తీసి, చెయ్యి బారజాపి, నిటారుగా నిలబడి ఊపాడు. ఎబినేజర్ తల ఆడించాడు. కారుతో పాటు ఖరిదా మొత్తం కదిలింది. ఎర్రయ్య తోటకూరతో సహా పరుగెత్తి వెనక సీట్లో పడ్డాడు.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఎంత పొడవో దాని మీద పరుగెత్తినవాడికే తెలుస్తుంది. ఎబినేజర్‌ను పెట్టెతో సహా బోగీలోకి తోసేసరికి బండి కదలడానికి మూడు నిమిషాలుంది. ఎబినేజర్ కిటికీ దగ్గరకు వచ్చాడు. ఎర్రయ్య కిటికీ ఊచ పట్టుకున్నాడు. ఇద్దరూ ఆయాసపడుతున్నారు. ఇద్దరూ ఒక్కసారే నోరు తెరిచారు.

"ఆ రోజు కుదుపు ఉన్నాదిరా," అన్నాడు ఎర్రయ్య.

"ఆ రోజు కుదుపు లేదురా," అన్నాడు ఎబినేజర్.

"రెండు కీలు వొదులుగున్నాయి," అన్నాడు ఎర్రయ్య నేల చూస్తూ. "ఇనస్పెక్టరు రాకముందే కొట్టీసినాను. ఆనక లేదన్నాను."

"నీ కీలు కాదెహె. నా సీటు బోల్టు ఊడిపోయినాది. మర్నాడు సూసినాను. రిజిస్టర్లో రాసీసినాక ఏటని సెప్పను?"

"బోల్టుకి అంత కుదుపు రాదు. కీలే."

"రెండు కీలకి ఇంజను కుదుపుతాదేటి? నలభై ఏళ్ళు నడిపినోణ్ణి నేను. లేదంటే లేదు."

"ముప్పై మూడేళ్ళు నడిసినోణ్ణి నేను. ఉన్నాది!"

"లేదు!"

గార్డు ఈల వేశాడు. బండి కదిలింది. ఎర్రయ్య ఊచ వదలకుండా పక్కన నడిచాడు. ఊచ వదిలేశాక కూడా నడిచాడు. ప్లాట్‌ఫారం చివరి దాకా "ఉన్నాది" అని ఒకటి, "లేదు" అని ఒకటి వినబడుతూనే ఉన్నాయి.

తిరిగి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. పెళ్ళయ్యాక ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడగా హైమవతి చూడలేదు.

"సెప్పినారేటి?"

"సెప్పినాను. ఇనడు."

కారు దగ్గరికొచ్చి తలుపు తీసిన హైమవతి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆవకాయ జాడీ వెనక సీట్లో, బెల్టు పెట్టుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది.

"దానికేటి అత్తయ్యా," అన్నాడు శ్రీనివాస్ హుషారుగా, "వొచ్చే ఆదివారం కార్లోనే బొబ్బిలి ఎల్దుం. పెద్దరోడ్డు, దారంతా మంచి గీతలు. మావయ్యకి కూడా ఇంకా సెప్పాల్సిన మాటలున్నట్టున్నాయి."

ఎర్రయ్య జాడీ బెల్టు విప్పి, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రైల్లో ఎల్తాను," అన్నాడు. "నూట ఇరవై రెండో కిలోమీటరు ఆ దార్లోనే ఉన్నాది."