పట్వారికి కత్తెర

మా పట్వారికి నేను కత్తెర వేసిన సంగతి మీ చెవిన పడే ఉంటుంది. పట్వారి అంటే మా కుక్క. పొలాల లెక్కలు, హద్దులు చూసే పట్వారి లాగే, మందలోని ఒక్క గొర్రెను కూడా పరాయి చేలో అడుగు పెట్టనివ్వదు గనక ఊరు పెట్టిన పేరది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఎండాకాలం. జనగామ రోడ్డు మీద రాస్తారోకో, అక్కడే వంటావార్పు అన్నారు. దేవరుప్పుల మీటింగులో నేను ఆగలేక లేచి, "ఈ సోమనర్సయ్య మంద అందరి కంటె ముంగటుంటది" అని మాటిచ్చేశాను. ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. లారీల హారన్లకు గొర్రెలు చెదిరితే చక్రాల కింద పడతాయి. వాటిని కట్టడి చేయగలిగేది పట్వారి ఒక్కటే.

కార్యక్రమం మిట్టమధ్యాహ్నం. కాబట్టి ట్రైనింగూ మిట్టమధ్యాహ్నమే. నేను వేపచెట్టు నీడన కూర్చుని ఈల వేసేవాణ్ణి, పట్వారి తారురోడ్డు మీద ఉరికేది. రెండో రోజుకే నాలుక బారెడు బయటపెట్టి నా పక్కన కూలబడింది. తప్పంతా బొచ్చుదేనని తేల్చేసి, గొర్రెల కత్తెర తీసి నున్నగా కత్తిరించేశాను.

చేలో నుంచి వచ్చిన నా భార్య సమ్మక్క గడపలోనే ఆగిపోయింది.

"ఏందయ్యా గిది? కుక్కనా, ఈకలు పీకిన కోడా?"

"ఎండకు పరేషానైతుందని బొచ్చు తీసిన. గొర్రెలకు తీస్తలేమా?"

"గొర్రెలకు ఉన్ని కోసం తీస్తం. దీని బొచ్చుతోని నువ్వేమన్న గొంగడి నేస్తవా? ఎండ తోలు మీద పడకుంట ఆపేదే ఆ బొచ్చు!"

నిజమే, మర్నాటికి దాని వీపు ఎర్రబడింది. కానీ నేను ఓటమి ఒప్పుకునే రకం కాదు. మా తాత ఎండాకాలం కూడా గొంగడి కప్పుకునే తిరిగేవాడు. నేనూ ఒక గొంగడిని తొట్టిలో ముంచి, పట్వారి మీద కప్పి, తాడుతో కట్టాను.

లోపల మనిషి లేకుండా గొంగడి నడిచి రావడం మా గొర్రెలు ఎన్నడూ చూడలేదు. బెదిరి, పొరుగు రైతు పోశాలు వరిచేలోకి దూకాయి. పట్వారి ఊరుకుంటుందా? అంత బరువూ మోసుకుంటూ వెంటపడింది. మందనంతా గట్టుకు తెచ్చింది. తెచ్చి, పడిపోయింది.

కళ్ళు తేలేసింది. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. నాకు ఏడుపొచ్చింది.

నా కేకకు సమ్మక్క పరుగున వచ్చింది. గొంగడి లాగి పారేసి, దాన్ని నీడకు మోసుకుపోయి, పొట్ట మీద, కాళ్ళ మీద బోరు నీళ్ళు పోసి, కొంగుతో విసిరింది.

"తడి గొంగడి కప్పితే లోపటి ఉడుకు ఎటు పోతది? మన లెక్క దానికి చెమట పోస్తదా? నాలికె తోనే సల్లవడాలె."

చాలాసేపటికి తోక కొంచెం కదిలింది. అప్పుడు అరచేతిలో నీళ్ళు పోసి నాకించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ సమ్మక్క నా వైపు తిరిగింది.

"చెప్పులిడువు."

"ఎందుకే?"

"ఇడిసి తారు మీద నిలవడు."

నిలబడ్డాను. మరుక్షణం గడ్డిలో ఉన్నాను.

"నువ్వు నిలవడలేని కాడ దాన్ని ఉరికిస్తవా?" అంది. నీడలో కూర్చుని ఈల వేసింది నేనే కదా.

రాస్తారోకో నాటికి పట్వారి కోలుకుంది. ఆ రోజు నేను లేచేసరికి దొడ్డి ఖాళీ. సమ్మక్క మందను, పట్వారిని తీసుకుని తెల్లారకముందే వాగు దారిన వెళ్ళిపోయింది. కూర్చునేది మధ్యాహ్నమైతే మాత్రం, నడిచేది చల్లపూట నడవకూడదా? ఆ ఆలోచన నాకు తట్టనే లేదు. నా వంతుకు వాకిట్లో నీళ్ళ కావడి పెట్టి పోయింది. దాన్ని భుజాన వేసుకుని ఎండలో నడిచాను.

నేను చేరేసరికి గొర్రెలు రోడ్డు మీద కూర్చున్నాయి. పట్వారి చింతచెట్టు నీడన, తడి ఇసుకలో పడుకుని వాటినే చూస్తోంది. ఒక్కటీ కదలడం లేదు.

పేపరతను కెమెరా ఎత్తి, "కుక్కను తెచ్చి మంద ముంగట నిలవెట్టుండ్రి" అన్నాడు.

నేను అడ్డం వెళ్ళాను. "జర ఆగన్నా. కుక్కకు మన లెక్క చెమట పొయ్యదు. నాలికె తోనే సల్లవడాలె. ఇగ తారు సంగతికొస్తే..." నలుగురూ చెవులు రిక్కించారు. నాకు ఛాతీ ఉబ్బింది.

పొయ్యి దగ్గరి నుంచి సమ్మక్క అంది: "గంత తెలిసినోనివి, చెప్పులిడిసి దాని జాగల నువ్వు నిలవడు."

జనం చప్పట్లు కొట్టారు. ఇక తప్పుతుందా?

మర్నాడు పేపర్లో ఫోటో. పిడికిలెత్తి, రెండు కాళ్ళూ నేల విడిచి గాల్లో నేను. తెలంగాణ మీద ఎంత ఊపు అని ఊరంతా మెచ్చుకుంది. నేను కాదనలేదు. సమ్మక్క మాత్రం ఆ పేపరు తీసుకెళ్ళి పట్వారికి చూపించింది. తర్వాత ఇద్దరూ కలిసి చాలాసేపు నా కాళ్ళ వైపే చూశారు.