గంజ్ హౌజులో శాకాహార చేపలు

దోమలను తినే చేపలు దోమలను తినకూడదు. ఇది నా నిశ్చితాభిప్రాయం.

నవ్వకండి! దోమలను చంపడానికి చేపలను పెంచడం ఎంత మోటు ఆలోచనో మా ఆర్మూరు గంజ్‌కు, అంటే పసుపు మార్కెట్టుకు, వచ్చి చూస్తే మీకే తెలుస్తుంది. చేపను పెంచడం అంటే మాటలా? దానికి వేళకు తిండి కావాలి, ఎండకు నీడ కావాలి, కొంగలు రాకుండా కాపలా కావాలి. ఒక కమిటీ కావాలి, కమిటీకి ప్రెసిడెంటు కావాలి. ఇన్ని సమకూర్చిన తరువాత కూడా ఆ చేప పోయి మురికినీళ్ళలో పురుగులు ఏరుకుని తింటే పెంచినవారికి తలవంపులు కాదా?

నేను పసుపు వ్యాపారిని కాను. గంజ్‌కు ఎదురుగా మేడమీద నాకొక అద్దె గది, ఒక కలం, రెండు చోట్ల చిరిగిన దోమతెర ఉన్నాయి. కిటికీ తెరిస్తే కింద హౌజు కనబడుతుంది. ఆలూర్ నుంచి, మాక్లూర్ నుంచి పసుపు బండ్లు లాక్కొచ్చే ఎడ్లు నీళ్ళు తాగడానికి ఎవరో పుణ్యాత్ములు కట్టించిన పెద్ద రాతి తొట్టి అది. దాని వెనక గోడను ఆనుకుని హమాలీల గుడిసెలున్నాయి. హౌజులో పుట్టిన దోమకు ప్రయాణ ప్రయాస లేకుండా గుడిసెలను అంత దగ్గరగా వేయించిన పెద్దల ముందుచూపును నేను రోజూ మెచ్చుకుంటూ ఉంటాను.

ఆ గుడిసెల్లో మొదటిది పోచన్నది. ఒంట్లో బాగుంటే పసుపు బస్తాను వీపున వేసుకుని ఎవరితోనో ముచ్చట చెప్పుకుంటూ నడిచిపోయే మనిషి. భార్య నాగవ్వ గంజ్ ఊడుస్తుంది. ఏటా సరిగ్గా పసుపు బండ్లు జోరందుకునే రోజులకు పోచన్నకు చలిజ్వరం వస్తుంది. దినం విడిచి దినం గొంగడి కప్పుకుని వణుకుతాడు. పోయినేడు హమాలీల మేస్త్రీ అతన్ని పక్కనపెట్టి ముప్కాల్ నుంచి వేరే మనిషిని తెచ్చుకున్నాడు. ఈ ఏడు కూడా పడుకుంటే గుడిసె ఖాళీ చేయమన్నాడు. గుడిసెలు హమాలీల కోసం వేసినవి గానీ రోగుల కోసం కాదు కదా!

ఇట్లాంటి ఊళ్ళు చూసే కాబోలు, మలేరియా దఫ్తరువారు చేపలను పంపారు. మొన్నటి వానల్లో సాలోమోను అనే ఉద్యోగి నిజామాబాదు నుంచి, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సులో వాటిని తీసుకొచ్చాడు. మాక్లూర్ దగ్గర బస్సు ఆగిపోతే, తడిగుడ్డ కట్టిన కుండను ఒళ్ళో పెట్టుకుని చెట్టు కింద కూర్చున్నాడట. ఆ కుండను హౌజులో మెల్లగా వంచాడు. చిటికెన వేలంత చేపలు, బూడిద రంగువి. చూడటానికి ఏమీ లేదు. అయినా గంజ్ అంతా వచ్చి చూసింది.

"గీ చేపలు నీళ్ళల్ల దోమపిల్లలను తింటయ్ సేట్. ఒడ్డుపొంటి నాచు తీపియ్యుండ్రి, అవి అంచుదాకా రావాలె. తిండి మాత్రం ఏం పెట్టొద్దు. ఆకలి మీదుంటెనే పనిజేస్తయ్" అని సాలోమోను అప్పగింతలు పెట్టాడు.

అప్పగించింది ఎవరికనుకున్నారు? రామకిష్టయ్యగారికి. గంజ్‌లో అందరికంటే పెద్ద అడ్తి, అంటే కమీషను దుకాణం, ఆయనది. రైతు పసుపు ఆయన అరుగు మీద పడితే గానీ తక్కెడ లేవదు. ఆయన చేతులు రెండూ చెవులమీద పెట్టుకున్నారు.

"తిండి వెట్టొద్దా? ఆకలికి మాడ్పాల్నా? అవి మా హౌజుల ఉండుకుంట జీవాలను తింటయా? మా ఇంట్ల ఉల్లిగడ్డ గూడ సొరదు, తెల్సా?"

ఏమి దయాహృదయం! ఆ సాయంత్రమే మత్స్య సంరక్షణ కమిటీ ఏర్పడింది. రామకిష్టయ్యగారు ప్రెసిడెంటు. మొదటి మీటింగులోనే తీర్మానం చేశారు: చేపలను హింసామార్గం నుంచి తప్పించి శాకాహారానికి మళ్ళించాలి. ఒక ఇత్తడి పళ్ళానికి గొలుసులు కట్టించి, అందులో నేతితో కలిపిన పిండి ఉండలు పెట్టి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళలోకి దించడం మొదలుపెట్టారు. చేపలు వచ్చాయి, ముట్టుకున్నాయి, తిన్నాయి. నేతిరుచి మరిగిన నోటికి దోమపిల్ల ఎక్కడ సయిస్తుంది? అవి వెళ్ళి నాచులో పడుకున్నాయి. నాచు తీయించలేదు. ఎందుకు తీయిస్తారు? అది వాటి పరుపు!

దోమపిల్లలు కూడా అదే నీళ్ళలో హాయిగా పెరిగాయి. చేపా దోమా ఒకే తొట్టిలో అన్నదమ్ముల్లా బతుకుతున్న ఊరు ఈ యుద్ధకాలంలో మరొకటి ఉంటే చూపించండి!

కొంగల బెడద లేకుండా హౌజు మీద వల కట్టించారు. పెద్ద కన్నాల వల. కొంగకు దారి లేదు, దోమకు ఉంది. కాపలాకు ఒక మనిషిని పెట్టారు. ఎడ్లు నీళ్ళతోపాటు చేపను మింగేస్తాయేమోనని వాటిని హౌజు దగ్గరికి రానివ్వడం మానేశారు. పొద్దున్నుంచి బండి లాగిన ఎద్దు చేపను చూసి సంతోషపడి, వాగుదాకా పోయి నీళ్ళు తాగి రావాలి. ఆ చేపలు గుడ్లు పెట్టవట, పిల్లలనే కంటాయట. ఆ సంగతి తెలిసిననాడు రామకిష్టయ్యగారి భార్య విద్యావతమ్మ పొట్టలు ఉబ్బిన చేపల కోసం వాము దంచి ఉండల్లో కలిపించింది. ఈ మాట నేను కల్పించి రాస్తున్నానని అనుకునేవారు మా గదికి వస్తే, వాము దంచిన వాసన ఎట్లా ఉంటుందో చెబుతాను.

ఖర్చు ఎట్లా? చాలా సులభం. గంజ్‌లో రైతు పసుపు కుప్ప పోస్తే దేవుడి పేర ఒక పిడికెడు తీయడం ఎప్పటినుంచో ఉన్నదే. ఊడ్చేవారి పేర ఒకటి, పావురాల పేర ఒకటి. ఇప్పుడు చేపల పేర ఇంకొకటి తీస్తున్నారు. తీసేది రామకిష్టయ్యగారి గుమాస్తా. అతని పిడికిలి చూసి తీరవలసిందే!

ఆలూర్ రైతు ఒకాయన అమాయకంగా అడిగాడు. "సావుకారీ, చేప పసుపు తింటదా?"

"తినదు. గాని దానికి పుణ్యం గావాల్నా వద్దా?" అన్నారు రామకిష్టయ్యగారు.

రైతు తల గోక్కుని వెళ్ళిపోయాడు. చేప తినని పసుపు తరువాత ఎటు పోతుందని నేను అడగను. పెద్దమనుషులను అడిగే ప్రశ్న కాదది.

ఈలోగా చలికాలం ముదిరింది, పోచన్నకు వణుకు మొదలైంది. నాగవ్వ అతన్ని గొంగడితో సహా నడిపించుకొచ్చి రామకిష్టయ్యగారి అరుగు ముందు కూర్చోబెట్టింది. మేస్త్రీకి ఒక మాట చెప్పి గుడిసె పోకుండా చూడమని, జ్వరానికి ఏదన్నా ఇప్పించమని అడగడానికి వచ్చింది.

"జొరమా? హౌజు నిండ చేపలున్నయ్. చేపలున్నకాడ జొరం ఎట్లొస్తదిరా?" అన్నారాయన.

"ఏమో దొరా, ఒళ్ళయితే ఊగుతాంది" అన్నాడు పోచన్న. మాట కూడా ఊగుతూనే వచ్చింది.

"పనిదొంగ వణుకుడు గది!"

చూశారా తర్కం! చేపలు తెచ్చాం కాబట్టి దోమలు లేవు. దోమలు లేవు కాబట్టి మలేరియా లేదు. మలేరియా లేదు కాబట్టి పోచన్న వణకడం లేదు. వణుకుతున్నట్టు కనబడితే అది మన కంటి దోషం. ఆ రాత్రి నా దోమతెరలోకి దూరినవి కూడా దోమలు కావన్నమాట. నేను అవి లేవనే అనుకుంటూ వాటిని కొట్టుకుంటూ పడుకున్నాను.

గుడిసెల్లో ఇంకొందరికి కూడా జ్వరాలు తగిలేసరికి సాలోమోను మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒక సీసా తెచ్చాడు, నిండా క్వినైన్ గోలీలు. ఈ యుద్ధంలో క్వినైన్ దొరకడం ఎంత కష్టమో పత్రికలు చదివే మీకు చెప్పనక్కరలేదు. దవాఖానలో అడిగితే ఆకాశం వంక చూపిస్తున్నారు. ఆ సీసాను గుడిసెలవాళ్ళకు పంచమని చెప్పి కమిటీ చేతిలో పెట్టి, ముప్కాల్ వైపు చేపల కుండ పట్టుకుని వెళ్ళిపోయాడు. పాపం, మంచివాడు. కమిటీ అంటే ఏమిటో ఇంకా తెలియనివాడు.

కమిటీ కూర్చుంది. తీవ్రంగా ఆలోచించింది. దోమలో మలేరియా ఉంటుంది. ఈ చేపలది పుట్టుకతోనే దోమలను తినే జాతి. మన ఊరికి రాకముందు ఎన్ని తిన్నాయో ఎవరికి తెలుసు? అందుచేత ముందుగా మలేరియా వచ్చే ప్రమాదం ఎవరికి? చేపలకే! అవి నాచులో అట్లా మందంగా పడి ఉండటం జ్వర లక్షణం కాక మరేమిటి?

గోలీలు నూరి పిండి ఉండల్లో కలపాలని తీర్మానించారు. అందరూ చేతులెత్తారు. ఎవరి చెయ్యీ వణకలేదు.

మరునాడు పొద్దున్నే పళ్ళెం నీళ్ళలోకి దిగింది. నేను కిటికీలో కూర్చుని చూస్తున్నాను. చేపలు అలవాటుగా వచ్చాయి. ఒకటి నోట పెట్టుకుంది, ఉమ్మేసింది. ఇంకొకటి వాసన చూసి తిరిగిపోయింది. తరువాత ఒక్కటీ రాలేదు. పళ్ళెం ఎట్లా దిగిందో అట్లాగే పైకి వచ్చింది.

"కొత్త గదా, అలవాటు గావాలె. దినాం పెట్టుండ్రి" అని ప్రెసిడెంటుగారు ఆజ్ఞాపించి పోయారు.

ఆ పళ్ళెం కడగడం నాగవ్వ పని. మిగిలిన ఉండలను కాలవలో పారేయాలి. ఆమె చుట్టూ చూసింది. ఉండలను ఒక్కొక్కటే తీసి నీళ్ళు ఒత్తి, కొంగులో మూటకట్టింది. తలెత్తేసరికి కిటికీలో నేనున్నాను.

"పంతులూ, జర చూడలేదనుకో" అంది కింది నుంచి.

ఈ ఊళ్ళో ఉన్నదాన్ని లేదనుకోవడం నాకు బాగా అలవాటైన విద్యే. వెంటనే కిటికీ మూసేశాను.

రోజూ పళ్ళెం దిగేది, రోజూ అట్లాగే పైకి వచ్చేది. పోచన్నకు వణుకు తగ్గుముఖం పట్టింది. దినం విడిచి దినం వచ్చేది, ఒక దినం రావడం మరిచిపోయింది. ఒకనాడు అతను గొంగడి తీసి గోడమీద వేసి, గంజ్‌లోకి నడిచి వచ్చి ఒక బస్తా కింద వీపు పెట్టాడు. మెల్లగా లేచాడు. మేస్త్రీ చూసి ఇంకో బస్తా చూపించాడు. ఇంకో బస్తా చూపించడమే మేస్త్రీ మెచ్చుకోలు. నాగవ్వ చీపురు ఆపి చూసి మళ్ళీ ఊడ్చుకుంది.

రామకిష్టయ్యగారి ఆనందానికి హద్దు లేదు. "చూసిండ్రా చేపల మహిమ? చెప్పలే నేను?" అని పోయే బండిని ఆపి మరీ చెప్పారు.

ఇంతలో కాపలావాడికి అనుమానం వచ్చింది. కొంగల కోసం పెట్టిన మనిషి కదా, ఎవరు వంగినా కొంగలాగే కనబడతారు. కొంగులో మూటతో సహా నాగవ్వను కమిటీ ముందుకు తెచ్చాడు.

"మూగజీవాల నోటికాడి కూడు దొంగతనం జేస్తవా? సిగ్గు లేదా?" అని గర్జించారు ప్రెసిడెంటుగారు. సభ్యులందరి ముఖాలూ దుఃఖంతో ఎర్రబడ్డాయి.

నాగవ్వ తల వంచలేదు.

"నోటికాడియి గాదు దొరా, చేపలు ఇడిసిపెట్టినయే తెచ్చుకున్న. మీరు ఇడిసిపెట్టినయ్ ఏమన్న ఉంటె గదా, అయి తెచ్చుకుందామంటె!"

గుమాస్తా తన పిడికిలి పంచె మడతల్లోకి దాచుకున్నాడు.

ఆ తరువాత తీర్పు వచ్చింది. నాగవ్వ హౌజు ఛాయలకు రాకూడదు. పళ్ళెం ఇకనుంచి కాపలావాడే కడిగి, మిగిలినది కాలవలో పోయాలి. సీసాలో మిగిలిన గోలీలు చేపల భవిష్యత్తు కోసం రామకిష్టయ్యగారి ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటాయి. మందు సగంలో ఆగిపోయిన పోచన్న నిన్న మళ్ళీ గొంగడి దింపుకున్నాడు. పసుపు బండ్లు ఆలూర్ దారి పొడుగునా నిలబడి ఉన్నాయి. మేస్త్రీ పొద్దున వచ్చి గుడిసె గుమ్మంలో తొంగిచూసి పోయాడు.

వ్యంగ్యం రాసేవాడికి ఒళ్ళు మండకూడదంటారు. నాకు మండింది. సాలోమోనుకు కబురు పంపాను, ఇంకొక సీసా దొరికితే ఈసారి నా గదికే తెమ్మని. దొరుకుతుందో లేదో తెలియదు.

అయినా నేను మొదట్లో అన్న మాట మీదనే నిలబడతాను. ఆ చేపలు దోమలను తినకపోవడమే మంచిదైంది. దోమలు తినే చేపలైతే కమిటీకి వాటిమీద అంత ప్రేమ పుట్టేదా? ప్రేమ పుట్టకపోతే మందు పళ్ళెంలోకి దిగేదా? ఆ నాలుగు దినాలైనా పోచన్న నోటికి మందు అందిందంటే అది చేప పెట్టిన భిక్షే. ఇంత పెద్ద గంజ్‌లో తనకు అక్కరలేనిదాన్ని పక్కవాడికి వదిలిపెట్టిన ప్రాణి అదొక్కటే.

కాబట్టి నాది ఒక చిన్న సవరణ. హౌజు అట్లాగే ఉండనివ్వండి, కమిటీని కూడా అట్లాగే ఉండనివ్వండి. చేపలను మాత్రం తీసి కమిటీలో వేయండి, కమిటీని తీసి హౌజులో వేయండి. తిండి ఏమీ పెట్టవద్దు. ఆకలి మీదుంటేనే పనిచేస్తారు.