ఆరో గది విదేశం

విదేశంలో ఉద్యోగం చేయడానికి మనిషికి ఉండవలసిన మొట్టమొదటి అర్హత, అంతకుముందే విదేశంలో ఉద్యోగం చేసి ఉండటం. ఇది ప్రకృతి ధర్మం కాదు. ప్రకృతి ధర్మాలకైతే అప్పుడప్పుడు మినహాయింపులుంటాయి. ఇది విదేశీ ఉపాధి మార్గదర్శక కార్యాలయం వారి నియమం.

ఈ సంగతి లిఫ్టు మెకానిక్‌కి తెలియదు. ఆయనకు తెలిసిందల్లా లిఫ్టులు. ఊళ్ళో ఆయన చెయ్యి పడని లిఫ్టు లేదు. కానీ భవనాల వాళ్ళంతా ఒక్కొక్కరే పెద్ద కంపెనీలతో ఒప్పందాలు రాసుకున్నాక ఆయన చేతికి పని పోయింది, ఆ వెనకాలే ఇంట్లో మాటకు విలువ పోయింది.

ఆ ఇంట్లో మెత్తటి కుర్చీ ఒక్కటే ఉంది. అది బావమరిదిది. బావమరిది విదేశంలో ఉంటాడు, ఎప్పుడో సెలవు మీద వచ్చి అందులో కూర్చుంటాడు. మిగతా కాలమంతా దాని మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఒకసారి నడుం నొప్పిగా ఉందని మెకానిక్ అందులో కూలబడబోతే, "అయ్యో, అది తమ్ముడిదండీ," అంది భార్య. కోపంగా కాదు, తడి రంగు అంటుకుంటుందని హెచ్చరించినట్టు అంది. వంటింటి గోడకు ఏ రంగు వేయాలన్నా ఫోను బావమరిదికే వెళ్ళేది. గోడ ముందు నిలబడ్డ మొగుడి మాట చెల్లదు, సముద్రం అవతలి తమ్ముడి మాట చెల్లుతుంది. దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా? మెకానిక్ బాగా ఆలోచించి, తానూ దూరం కావాలని తీర్మానించుకున్నాడు.

కార్యాలయం నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయదు. (విదేశం వెళ్ళేవాడికి ఓపిక ఎంతుందో అక్కడే, ఖర్చు లేకుండా తేలిపోతుంది.) రొప్పుతూ వచ్చిన మెకానిక్‌ని అధికారి కూర్చోమన్నాడు.

"విదేశీ అనుభవం ఎంతండీ?"

"అది లేకే కదండీ వచ్చాను."

"అది ఉంటేనే పంపుతామండీ."

"పంపితేనే కదండీ అది వచ్చేది."

"నిజమే," అన్నాడు అధికారి ఎంతో సానుభూతిగా. "అందరూ అదే అంటారు."

పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు అని పెద్దలు చెప్పి చేతులు దులుపుకున్నారు. వాళ్ళకు కార్యాలయం లేదు పాపం. ఈ కార్యాలయానికి పూర్వానుభవ విభాగమని ఒకటుంది. ఆ విభాగం తన ఆరో గదిని విదేశంగా ప్రకటించింది. గడపకు ఇవతల స్వదేశం, అవతల విదేశం. అందులో రెండేళ్ళు పనిచేస్తే అనుభవపత్రం ఇస్తారు. విదేశంలో ఉన్నవాడు సాయంత్రం కాగానే ఇంటికి పోడు గనక మెకానిక్ కూడా పోకూడదు, పక్కవీధిలోనే ఇల్లయినా సరే.

ఆరో గదిలో ఏ లోటూ లేదు. గోడ గడియారాన్ని కొన్ని గంటలు వెనక్కి తిప్పి పెట్టారు. మెకానిక్ పేరును రోజుకో రకంగా తప్పు పలకడానికి ఒక గుమాస్తాను నియమించారు. వారానికోసారి ఇంటిబెంగ పెట్టుకోవడానికి ఒక గంట కేటాయించారు. (మిగతా వేళల్లో పెట్టుకుంటే సంజాయిషీ ఇవ్వాలి.) ఇక పనంటారా, కార్యాలయం వారి లిఫ్టు బాగుచేయడమే. (లిఫ్టు దాకా విదేశమేనని ఒక ఉత్తర్వు ఉంది.)

మొదటి వారం తిరక్కుండానే మెకానిక్ దాన్ని బాగుచేసి పారేశాడు. అధికారి పరుగున వచ్చాడు, అలవాటు కొద్దీ మెట్ల మీదుగా.

"ఎవరు చేయమన్నారండీ ఇది?"

"మీరేనండీ."

"బాగుచేస్తూ ఉండమన్నాం. బాగుచేసెయ్యమన్నామా? పని అయిపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే విదేశంలో ఎలా ఉంటారు?"

అప్పటినుంచి మెకానిక్ పొద్దున్నే లిఫ్టు విప్పేవాడు, సాయంత్రం బిగించేవాడు, ఒక్క మరమేకు మాత్రం జేబులో వేసుకునేవాడు. ముసలివాళ్ళు రొప్పుతూ మెట్లెక్కుతుంటే ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

కానీ ఫోన్లు మొదలయ్యాయి. భార్య ఎదురు వీధిలో నిలబడి ఫోన్ చేసేది.

"భోంచేశారా?"

"ఇక్కడ ఇంకా తెల్లారలేదే."

"ఇదేం చోద్యమండీ? కిటికీలో మీరు కనబడుతున్నారు. మీ మొహాన ఎండ కొడుతోంది."

"అది ఇక్కడి ఎండ," అన్నాడు మెకానిక్. గడియారానికి ఎదురు చెప్పే మనిషి కాదాయన.

ఆవిడ గొంతు తగ్గించి, "ఏమండీ, పిల్లదాన్ని ఏ చదువులో చేర్పించమంటారు?" అంది.

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ జారిపోయింది. పని పోయినప్పటినుంచి ఆవిడ ఆయన్ని అడిగిన మొదటి సలహా అది. ఇల్లు కనబడేంత దూరంలో ఉన్నా, లెక్కకి దూరమే కదా. ఆ రాత్రి సంతోషంతో ఆయనకు నిద్ర పట్టలేదు.

రెండేళ్ళూ నిండాయి. అధికారి ముద్రలు గుద్దిన అనుభవపత్రం చేతికిచ్చి, కరచాలనం చేసి, "అభినందనలండీ. ఇక మీరు వెళ్ళడానికి వీల్లేదు," అన్నాడు.

"అదేంటండీ? అనుభవం ఉంటేనే పంపుతామన్నారు కదా."

"అర్హతకి ఉండాలి. ఎంపికకి ఉండకూడదు. ఈ పథకం విదేశం మొహం చూడనివాళ్ళకి. మీరు చూసొచ్చారు."

"పోనీ ఇక్కడే ఏదో పని ఇప్పించండి."

"ఇక్కడ పనికి గత రెండేళ్ళ స్థానిక అనుభవం అడుగుతారండీ. మీరేమో దేశంలోనే లేరాయె."

రెంటికీ చెడ్డ రేవడి అనే మాట మెకానిక్ చిన్నప్పటినుంచీ విన్నాడు. అర్థం మాత్రం ఆ రోజు తెలిసింది. ఆయన జేబులోని మరమేకు తీసి లిఫ్టుకు బిగిద్దామని వెళ్ళాడు. అక్కడ కొత్త అభ్యర్థి అప్పటికే దాన్ని విప్పుకుని కూర్చున్నాడు.

పెట్టె పట్టుకుని పక్కవీధికి నడిచాడు. భార్య తలుపు తీసింది, కళ్ళు చెమర్చాయి. కూతురు పెట్టె అందుకుంది. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి, విదేశం నుంచి వచ్చిన మనిషిని చూశారు.

"ఎన్నాళ్ళు సెలవండీ?" అంది భార్య.

ఉన్నమాట చెప్పేద్దామనే మెకానిక్ నోరు తెరిచాడు. ఆవిడ వెనక, గుడ్డ కప్పిన కుర్చీ కనబడింది.

"పది రోజులు," అన్నాడు.

ఆవిడ గబగబా వెళ్ళి గుడ్డ తీసి, దుమ్ము దులిపింది.

"పది రోజులే కదా," అంది. "కూర్చోండి."