ఎర్నీ గారి లిఖితపూర్వక అభ్యంతరం

ఏమోయ్, మెడదాకా గుండీలు పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషీ! నిన్నేనయ్యా. నీ ఒంట్లోంచి గంటకి ఎంత వేడి బయటికి పోతోందో చెప్పే సర్టిఫికెట్ నీ దగ్గరుందా? లేదా? అయితే నిన్ను అద్దెకివ్వడం చట్టరీత్యా కుదరదు.

మనిషి నిప్పు కనిపెట్టి లక్షల ఏళ్లయింది. దానికి గ్రేడు వేయడం మాత్రం మా ఇంగ్లండు వాళ్లే కనిపెట్టారు. అద్దెకిచ్చే ప్రతి కొట్టుకీ, అందులోంచి వేడి ఎంత వృథాగా పోతోందో చూసి, ఏ నుంచి జీ దాకా ఒక ఇంగ్లీషు అక్షరం. కనీసం ‘ఈ’ గ్రేడైనా రాకపోతే అద్దెకివ్వకూడదు. చర్చికి అక్కర్లేదు (దేవుడికి చలి వేయదని శాఖవారు నిర్ధారించుకున్నారు). కూల్చేయబోయే కట్టడానికి అక్కర్లేదు. అసలు హీటరే లేని గోదాముకీ అక్కర్లేదు, అక్కడ వృథా చేయడానికి వేడే ఉండదు కనుక.

బర్న్‌లీలో నా క్షౌరశాలకి ఎఫ్ వచ్చింది. వేడి నష్టాల ఉపపర్యవేక్షకుడు ఒకాయన మూడు గంటలు గోడలు తడిమి, నా హీటరు మీద చేతులు కాచుకుని, పెదవి విరిచి వెళ్లాడు.

మర్నాడు కొట్టు యజమాని హోరస్ ఏడుపుమొహంతో వచ్చాడు.

"ఎర్నీ, ఈ కిటికీలకి రెండు పొరల అద్దాలు వేయించాలి, కొత్త బాయిలర్ బిగించాలి. నువ్వు ఊఁ అనాలయ్యా."

మూడు చలికాలాలుగా వెనక తలుపు సందు పూడ్చమంటే నవ్వి ఊరుకున్న మనిషి! కాస్త ఏడిపించాలనిపించింది.

"ఊఁ అనను."

"అలా అనకు నాయనా, నా కొంప మునుగుతుంది."

"మునగనీ. ఈదుకుంటూ రా."

"పోనీ, ఒప్పుకోవడం లేదని ఒక ముక్క రాసియ్యి. మా ఆవిడకి చూపించుకుంటాను, నా తప్పు లేదని."

ముక్కేమిటి, పేజీ నిండా రాశాను. అద్దాలు వద్దు, బాయిలర్ వద్దు, వెచ్చదనం నా వృత్తిధర్మానికే విరుద్ధం అని. వారంపాటు బతిమాలించుకుని, తర్వాత పెద్దమనసుతో సరే అందామని నా పథకం.

వారం గడిచింది. హోరస్ రాలేదు. చివరికి నేనే వెళ్లాను.

"సరే పోవయ్యా, బిగించుకో."

"అయ్యో, ఇప్పుడెలా? మినహాయింపు వచ్చేసింది కదా!"

"ఏం మినహాయింపు?"

"అద్దెదారు లిఖితపూర్వకంగా అడ్డుపడితే, అయిదేళ్లు యజమాని ఏమీ చేయించక్కర్లేదు. రూలు. నీ ఉత్తరం చదివి ఆఫీసువాళ్లు ముచ్చటపడ్డారట, ఇంత స్పష్టమైన అభ్యంతరం ఎప్పుడూ చూడలేదని."

"నువ్వు ఏడ్చావు కదరా!"

"జలుబు, ఎర్నీ. నీ కొట్టుకొస్తే ఎవరికైనా అంతే."

ఈ సంగతి ఊళ్లో ఎవరికైనా తెలిస్తే నా పరువేం కాను? అందుకే, యజమాని బలవంతమేమైనా ఉందా అని ఆఫీసువాళ్లు అడిగితే, లేదు, ఇష్టపూర్వకంగానే వద్దన్నాను అని మళ్లీ రాసిచ్చాను. కొట్లో చలికి కళ్లు కారి, సంతకం మీద రెండు చుక్కలు పడ్డాయి. ఫైల్లో నా పేరు పక్కన ఇలా నమోదు చేశారట: "అద్దెదారు ఆనందబాష్పాలతో సంతకం చేశారు."