ఆవిడ గీరిన గీతలు

ఆ ఉదయం దర్జీగారు అనుకున్నది చిన్న పని. మోకాలి నొప్పికి మాత్ర రాయించుకుని, పదింటికల్లా కుట్టుమిషను ముందు కూర్చోవాలి. మోకాలు వాచింది, ఒళ్లు కాలుతోంది, చంకలో నిమ్మకాయంత గడ్డ లేచింది. పరీక్ష చేస్తున్న డాక్టరు ముంజేతి మీది గీతలు చూసి ఆగాడు.

"ఇవేంటండీ?"

"మా ఆవిడ గీరిందండి."

గీరింది పిల్లి. భార్య ముద్దుగా పెంచుకున్నది. ఎనిమిది నెలల క్రితం ఆమె పోయాక అది ఆమె దిండు మీదే పడుకోసాగింది. ఎవరూ లేనప్పుడు దాన్ని ఆవిడ అనడం ఎప్పుడు అలవాటైందో దర్జీగారికే తెలియదు. నాలుక కరుచుకుని సర్దిచెప్పబోతుండగా కొడుకు లోపలికొచ్చాడు. పిల్లి ఇంకొక్కసారి గీరితే ఎవరికైనా ఇచ్చేస్తానని వాడు ఏనాడో తేల్చి చెప్పాడు. దర్జీగారు నోరు మూసుకున్నారు.

"అంత కోపమా? ఒకసారి మీ ఆవిణ్ణి తీసుకురండి, నేను మాట్లాడతాను" అన్నాడు డాక్టరు.

"ఎవర్ని? అమ్మ పోయి ఎనిమిది నెలలైందండీ!" కొడుకు బిక్కచచ్చిపోయాడు.

జ్వరం తలకెక్కిందనుకున్నాడు డాక్టరు. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. తలకు స్కానింగు, వెన్నులో సూది, ఆపైన మానసిక వైద్యుడు.

"ఆవిడ రోజూ కనిపిస్తుందా?"

"కనిపిస్తుందండి."

"ఏమంటుంది?"

"పాలు అడుగుతుంది."

పిచ్చివాడనుకున్నా పరవాలేదు, ఆవిణ్ణి మళ్లీ పోగొట్టుకోలేననుకున్నారాయన. భార్య పోయిననాడు రాని ఏడుపు ఆ ఇనుప మంచం మీద వచ్చింది. గడ్డ కోసి చూడాలన్నారు. దానికీ తలూపారు.

బట్టల కోసం ఇంటికెళ్లిన కొడుకు చేతినిండా గీతలతో తిరిగొచ్చాడు. "అమ్మ దిండు తీయబోతే పిల్లి గీరింది నాన్నా."

డాక్టరు ఆ చేతినీ ఈ చేతినీ పక్కపక్కన పెట్టి చూశాడు. "మీ ఆవిడంటే ఇదా!" పిల్లి గీరితే వచ్చే జబ్బట, ఒక్కోసారి కీళ్లకూ పాకుతుందట. గడ్డ కోయక్కర్లేదు, మాత్రలు చాలు. మతి భేషుగ్గా ఉందని కాగితం కూడా రాసిచ్చాడు.

"ఆవిణ్ణి పంపించేయకురా" అన్నారు దర్జీగారు.

కొడుకు తల దించుకున్నాడు. "నేను పంపలేదు నాన్నా. తలుపు తీసి ఉంది, గీరి వెళ్లిపోయింది. వీధంతా వెతికాను."

ఇంటికొచ్చిన సాయంత్రం దర్జీగారు కుంటుకుంటూ గుమ్మంలోకి వెళ్లి, "ఏమే, ఎక్కడున్నావే? వచ్చెయ్యవే!" అని వీధిలోకి పిలిచారు. రాలేదు. కొడుకు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏమని పిలవాలో తోచక, "అమ్మా! అమ్మా!" అన్నాడు.

ఎదురింటావిడ కిటికీలోంచి చూసి, ఆసుపత్రికి ఫోన్ చేసి రెండు మంచాలు సిద్ధం చేయమంది.